పచ్చికమీద పంక్తి

ధ్యాన భాగము: మార్కు 6:30–44



2024 మే నెలలో నేను సంఘపు పనిని పెద్దలకు అప్పగించి, కుటుంబముతో గోవాకు వెళ్లివచ్చిన సంగతి మా సంఘములోని వారందరికిని తెలియును. "ఎట్లా ఉంది అయ్యగారూ గోవా?" అని అడిగిన వారితో "ఎండలు మెండుగా ఉన్నాయి" అని మాత్రమే చెప్పి తప్పించుకొంటిని. ఆ జవాబు అబద్ధము కాదు గాని, నిజమును కాదు. మిగిలిన సంగతి ఈ నెల వ్రాయుచున్నాను. సంఘ పెద్దలకు ఇది ముందే చెప్పితిని గనుక, చదివినవారు పత్రిక చేతబట్టుకొని వారి యిండ్లకు పరుగెత్తనక్కరలేదు.

మొదట వాక్యభాగమును చూతము. అపొస్తలులు ఊరూర తిరిగి బోధించి, అలసి, ప్రభువునొద్దకు తిరిగివచ్చిరి. జనుల రాకపోకల సందడిలో వారికి ముద్ద మింగుటకు సందు దొరకలేదు. అది చూచి ప్రభువు వారిని పడవ యెక్కించుకొని, జనసంచారము లేని చోటికి విశ్రాంతికై తీసికొనిపోయెను. పాదిరికి సెలవు దేనికి అని తలంచువారు ఈ వచనమును కొంచెము నిదానముగా చదువవలెను. అట్టివారు మా సంఘములో ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. వారు నాకు ప్రియులే.

మా బావమరిది హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. మంచివాడు, చెయ్యి పెద్దది. మా అందరి ఖర్చును తానే పెట్టుకొని, గోవాలో నాలుగు దినములకు గదులు తీసెను. మా అత్తగారికి 68 ఏండ్లు. మామగారు ప్రభువునందు నిద్రించిన తరువాత, ఆమె బిడ్డలిద్దరును మనుమలును ఒక్కచోట కూడి భోజనము చేయుట క్రిస్మసునాడు తప్ప లేదు. అదియు ప్రతి సంవత్సరము జరుగలేదు. "సముద్రం మన సూర్యలంకలో లేదా బాబూ, అంత దూరం దేనికి?" అని ఆమె నన్నడిగెను. సూర్యలంక మా యూరికి రెండు గంటల బస్సు ప్రయాణము. మరల తానే, "పోనీలే, అందరం ఒకచోట కూర్చుని నాలుగు పూటలు తింటాం" అనెను. ఆమె కోరినది అంతే.

గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితిమి. బావమరిది తల్లి మాట కాదనలేక విమానము మానుకొని, భార్యాబిడ్డలతో మాతోకూడ రైలులోనే వచ్చెను. ఆ బండి నంద్యాల, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి మీదుగా పోయి, పడమటి కనుమలు దిగి వాస్కోడగామా చేరును. దిగునప్పుడు దూధ్‌సాగర్ జలపాతము పెట్టె కిటికీలోనుండియే కనబడును. మే నెల గనుక నీరు దారపు పోగువలె నుండెను. అయినను పిల్లలు కేరింతలు కొట్టిరి. అత్తగారు ఇంటినుండి తెచ్చిన పులిహోర పొట్లములు విప్పి, ఈ చివరనుండి ఆ చివరవరకు అందరికిని వరుసగా పెట్టెను. ఆ ప్రయాణమంతటిలో అందరమును కలిసి తిన్న భోజనము అది యొక్కటే. అప్పుడు ఆ సంగతి మాకు తెలియలేదు.

మేము దిగిన హోటలు చాల గొప్పది. గదులు చల్లన, పరుపులు మెత్తన, కిటికీలోనుండి చూచిన నది కనబడును. హోటలు క్రింది అంతస్తులోనే క్యాసినో అనబడు జూదశాల యున్నది. గదులు తీసినప్పుడు ఆ సంగతి తాను గమనింపలేదని బావమరిది చెప్పెను. నేను నమ్మితిని, ఇప్పటికిని నమ్ముచున్నాను.

గోవాలో ఇవి ఎట్లు వచ్చినవో కొంచెము చెప్పవలెను. 1976లో అక్కడ జూదమును నిషేధించు చట్టము చేయబడెను. 1992లో దానిని సవరించి అయిదు నక్షత్రముల హోటళ్లలో జూదపు యంత్రములకు, 1996లో నీటిమీది ఓడలలో బల్లలమీది జూదములకు సెలవిచ్చిరి. అందుచేతనే పణజి పట్టణపు ఒడ్డున మాండవి నదిలో ఆ ఓడలు లంగరు వేసికొని యుండును. ఓడయని పేరే గాని, ప్రయాణము లేదు. చిన్న పడవలు జనులను వాటికి చేరవేయుచుండును. రాత్రియైనప్పుడు వాటి దీపములు నీటిలో ఎఱ్ఱగాను పచ్చగాను వణకుచుండుట చూచి మా చిన్నవాడు "నాన్నా, క్రిస్మస్ చెట్టు నదిలో పడిపోయింది" అనెను. 21 ఏండ్లు నిండనివారికి లోపలికి ప్రవేశము లేదు.

ఆశ్చర్యమైన సంగతి మరియొకటి యున్నది. 2020 ఫిబ్రవరి 1 నుండి గోవావాసులకే ఆ జూదశాలలలో ప్రవేశము లేదు. పైయూరివారు మాత్రమే పోవచ్చును. సింగపూరులో ఆ దేశస్థుడు జూదశాలకు పోవలెనన్న ఒక్క దినమునకు 150 డాలర్ల సుంకము కట్టవలెను. విదేశీయుడు ఊరకనే పోవచ్చును. జూదశాలకు పేరెన్నికగన్న మొనాకోలో ఆ దేశపు పౌరులు జూదమాడకూడదు. పూటకూళ్లమ్మ తాను వండినది తన పిల్లలకు పెట్టక, బాటసారులకు మాత్రమే వడ్డించుచున్నదన్న, ఆ కూటిలో ఏమున్నదో ఆమెకు తెలియునన్నమాట. హైదరాబాదునుండి, గుంటూరునుండి, భీమవరమునుండి వెళ్లువారమే ఆ బాటసారులము.

లోపలి లెక్కను గూర్చియు చెప్పెదను. అందులో మర్మమేమియు లేదు, మూడవ తరగతి పిల్లవాడు చేయగల కూడిక. తిరుగుడు చక్రములో 1 మొదలు 36 వరకు అంకెలుండును, ఒక సున్నయు నుండును. కొన్ని చక్రములకు రెండు సున్నలుండును. ఒక్క సున్నగల చక్రముననే చూడుడి: మొత్తము 37 గళ్లు. గెలిచినవానికి పెట్టిన రూపాయికి 35 రూపాయలు చేర్చి ఇత్తురు. ఎవడైనను తెలివిగా ప్రతి గడిమీదను ఒక్కొక్క రూపాయి పెట్టెననుకొనుడి. 37 రూపాయలు పెట్టినవాడు తన రూపాయితో కూడ 36 రూపాయలు తీసికొని లేచును. ఏ అంకె పడినను అంతే. ఆ సున్న ఇంటివారి పాలు. మోసమేమియు జరుగదు. మోసము చేయవలసిన అవసరమే లేదు.

ఇక ఆ గదిని గూర్చి. గోడకు గడియారము లేదు, కిటికీ లేదు. పగలో రాత్రియో తెలియదు. దేవుడు సృష్టిలో మొట్టమొదట వెలుగును చీకటిని వేరుపరచి, దినమునకు హద్దు పెట్టెను గదా. ఆ హద్దును అక్కడ చెరిపివేసిరి. యంత్రముల యెదుట కూర్చున్నవారిలో ఎవరును పక్కవానితో మాటలాడరు. స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వెనుకటి శతాబ్దములో పావురములతో పరీక్షలు చేసెను. మీట పొడిచిన ప్రతిసారియు గింజ దొరకినయెడల పావురము కడుపు నిండగానే ఊరకుండును. ఎప్పుడు పడునో తెలియకుండ అప్పుడప్పుడు మాత్రమే గింజ పడునట్లు చేసినయెడల, అది విడువక పొడుచుచునే యుండును. పావురము మాట వినునప్పుడు నేనును నవ్వితిని.

ఆ మూడు దినములలో మా సెలవు ఎట్లు గడిచినదనగా, బావమరిది మొదటిరాత్రి "ఒక్క గంట బావా, ఊరికే చూసి వస్తా" అని ఓడకు వెళ్లి తెల్లవారుజామున వచ్చి, మధ్యాహ్నమువరకు నిద్రించెను. అతని భార్య అలిగి గదిలోనే యుండెను. పిల్లలను ఒక ఆటల గదిలో విడిచితిమి. అక్కడ వారు తెరలయెదుట కూర్చుండిరి. భోజనశాలలో ఏ వేళకైనను నలుబది రకముల వంటకములు. ఎవరికి ఆకలియైనప్పుడు వారు పోయి, పళ్లెము పట్టుకొని, ఏదో ఒక మూల తిని వచ్చిరి. అత్తగారు ప్రతిపూటయు "అందరూ వచ్చారా?" అని అడుగును. ఎవరో ఒకరు ఎల్లప్పుడు తక్కువే. ఆమె రెండిడ్లీలు తిని లేచును.

మూడవనాటి సాయంకాలము నా భార్య తమ్మునితో గట్టిగా మాటలాడెను. ఆ రాత్రి ఎనిమిది గంటలకు అందరమును కలిసి భోజనము చేయవలెను. మరునాడు కారు మాటలాడుకొని అమ్మకు పాత గోవా దేవాలయములను, సముద్రమును చూపవలెను. ఆ కారు ఖర్చైనను మనమే పెట్టవలెను. ఆమె దాచిన 5,000 రూపాయలు నా చేతికిచ్చెను.

ఏడు గంటలకు బావమరిది కనబడలేదు. క్రింది జూదశాలలో నుండునని తలంచి, అతనిని పిలుచుకొనివచ్చుటకు నేను దిగితిని. ద్వారమునొద్ద నా ఆధారు కార్డు చూచి, నేను గోవావాడను కానని రూఢి చేసికొని, 1,500 రూపాయలు కట్టనిదే లోనికి పోరాదనిరి. అందులో 1,000 రూపాయలు ఆటకు చెల్లునట. కట్టితిని. లోపల అతడు లేడు. అప్పుడే వెనుకకు తిరిగియుండవలసినది. కాని కట్టిన డబ్బు వృథా యేల, ఒక్కసారి చూచిపోవుదమని యొక యంత్రము ముందు కూర్చుంటిని.

సహోదరులారా, మొదట గెలిచితిని. 1,000 రూపాయలు 2,700 ఆయెను. ఆ పావుగంటలో నా మనస్సులో ఏమి నడిచినదో ఉన్నదున్నట్లు వ్రాసెదను. నేను డబ్బునుగూర్చి ఆలోచింపలేదు. ఇరువది సంవత్సరములుగా నేను అడిగి పుచ్చుకొనువాడను, అద్దె యింటివాడను, బావమరిది ఖర్చుమీద వచ్చినవాడను. ఆ యంత్రము మ్రోగినప్పుడు నేను ఎవరికిని బాకీ లేనివాడనైతినని తోచెను. జూదగానిని లోభి యని నేను ప్రసంగములలో అనుచుంటిని. లోభమొక్కటే కాదు. తరువాత ఆ 2,700 పోయెను. జేబులోనుండి మరియొక 2,700 పోయెను. లేచి గది దాటి వచ్చి గడియారము చూచునప్పటికి 10 గంటల 40 నిమిషములు.

బావమరిది ఎనిమిదింటికే వేరొక ద్వారమున పైకి వచ్చియున్నాడు. అందరును వచ్చిరి. ఆ రాత్రి తక్కువైనవాడను నేను. భోజనశాలలో దీపములు సగము తీసివేసిరి. అత్తగారు ఒక్కతే బల్లయొద్ద కూర్చుండి, ఒక పళ్లెముమీద మరియొక పళ్లెము బోర్లించి యుంచెను. "తిన్నావా బాబూ?" అని మాత్రము అడిగెను.

ఉదయమున నా భార్యతో "కార్లన్నీ ముందే కుదిరిపోయాయంట" అని చెప్పితిని. నా జేబులో 800 రూపాయలుండెను. ఆకాను డేరా అడుగున దాచినదానిని గూర్చి ఈ సంఘములో నేను నాలుగు సార్లైనను ప్రసంగించియుందును. దాచినవాడు ఆ డేరాలో ఎట్లు నిద్రించెనో ఎన్నడును తలంచలేదు. అత్తగారు ఆ దినమంతయు కిటికీయొద్ద కూర్చుండి నదిని చూచెను. గోవాకు పోయి సముద్రము చూడకయే తిరిగివచ్చెను.

నంద్యాల దాటిన తరువాత నా భార్య టీ కొనుటకు డబ్బు అడిగెను. అప్పుడు చెప్పవలసి వచ్చెను. ఆమె చాలసేపు కిటికీవైపు తిరిగియుండి, "అమ్మకి చెప్పకండి" అనెను. పోయిన 4,200 నా జీతములో దాదాపు మూడవవంతు. మన స్త్రీలు పొయ్యి వెలిగించినప్పుడెల్ల తీసిపెట్టు పిడికెడు బియ్యము నెలంతయు కూడినను అంత ధర పలుకదు. ఈ లెక్క ఆ గదిలో నాకు తోచలేదు, రైలులో తోచెను.

జూలైలో పెద్దల కూటములో ఒప్పుకొంటిని. ఒక నెల ప్రభువు బల్లయొద్ద పొరుగు సంఘపు పాదిరిగారు ఎందుకు నిలిచిరో ఇప్పుడు మీకు తెలిసినది. నేను రాజీనామా పత్రము కూడ వ్రాసికొని వెళ్లితిని. మా పెద్దలలో వృద్ధుడైన ఒకరు దానిని తిరిగి నా జేబులో పెట్టి ఇట్లనిరి: "ప్రతి సంక్రాంతికీ బరి దగ్గరికి పోవద్దని మమ్మల్ని తిడతారు కదా అయ్యగారూ. పోయినోడి లోపల ఎట్లా ఉంటదో మీకు తెలియకుండానే తిట్టారు. ఈసారి తెలిసి చెప్పండి." ఆయన యౌవనమున కోడిపందెములలో అరయెకరము పోగొట్టుకొన్నవారని అంతవరకు నేనెరుగను.

కావున తెలిసినవానిగా కొంచెము చెప్పుచున్నాను. గోవాకు పోవువారు మనలో కొందరే. గుండాట బల్లయొద్ద నిలుచువారు అంతకంటె ఎక్కువ. చేతిలో ఫోను పట్టుకొని రమ్మీ ఆడినవారు ఎందరో వారి భార్యలకు తెలియును. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో దేశమంతటికిని పార్లమెంటు చట్టము చేసెను. చట్టము మంచిదే. కాని చట్టము తలుపు మూయగలదు. గదిలో ఒంటరిగా కూర్చున్నవానిని పిలువలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు జూదపు వ్యసనమును రోగముల పట్టికలో చేర్చియున్నారు. కనుక మీ యింట అట్టివాడున్నయెడల తిట్టుటకు ముందు వైద్యునియొద్దకును తీసికొనిపొండు, నాయొద్దకును తీసికొనిరండు. నేను వానికి ప్రసంగము చేయను.

బైబిలులో చీట్లు వేయలేదా అని ఒక యౌవనస్థుడు నన్నడిగెను. వేసిరి. కనాను దేశమును పంచుటకు వేసిరి, మత్తీయను ఏర్పరచుటకు వేసిరి. వాటిలో ఒకని భాగము పోవుటచేత మరియొకనికి భాగము రాలేదు. ఒకని వస్త్రముకొరకు చీట్లు వేసినవారును ఉన్నారు. వారు సిలువ క్రింద కూర్చుండిరి. తలయెత్తి చూచినయెడల ఆయన వారికి కనబడియుండును.

మరల మార్కు సువార్తకు వచ్చెదము. విశ్రాంతికని వెళ్లిన ఆ చోట శిష్యులకు దొరకినదేమి? జనులు వారికంటె ముందే అక్కడికి పరుగెత్తిరి. సెలవు చెడిపోయెను. శిష్యులు విసుగుకొని జనులను పంపివేయుమనిరి. అప్పుడు ప్రభువు చేసినది గమనింపుడి. రొట్టె విరువకముందే వారిని కూర్చుండబెట్టెను. పచ్చిక మీద, నూరేసిమందిగాను ఏబదేసిమందిగాను, పంక్తులుగా. అయిదు రొట్టెలు, రెండు చేపలు. తినవలసినవారు పురుషులే 5,000 మంది. అంత కొరతలో వరుస తీర్చుట వ్యర్థమని మనకు తోచును. నలుబది రకముల వంటకములున్న ఆ హోటలులో వరుస లేదు, నిలుచుండి తిన్నాము, ఆకలి తీరెను, ఎవరికిని తృప్తి లేదు. ఈ పచ్చికమీద గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు, బాకీపడినవాడును లేడు. అందరును పుచ్చుకొన్నవారే. అడిగి పుచ్చుకొనుట సిగ్గని నేను ఆ యంత్రము ముందు తలంచినప్పుడు ఈ పంక్తిలో నుండి లేచిపోయితిని. శిష్యులు కోరిన విశ్రాంతి ఆ సాయంకాలము ఈ రూపముగా వారికి దొరకెనని నేననుకొందును, వారి చేతిలో గంపలున్నను.

2025 జనవరిలో బావమరిది కుటుంబముతో మా యింటికి వచ్చెను. అందరమును బస్సెక్కి సూర్యలంకకు పోతిమి. అత్తగారు పులిహోర, పెరుగన్నము వండి తెచ్చెను. ఇసుకమీద చాప పరచి, మమ్మును వరుసగా కూర్చుండబెట్టి, లెక్కపెట్టి, విస్తళ్లు వేసెను. నాయొద్దకు వచ్చినప్పుడు వంగి మెల్లగా, "ఆ రోజు కారు దొరక్కపోతే బస్సు ఉండేదిగా బాబూ" అనెను.

నేను అప్పుడు ఆమెకు చెప్పితిని. పిల్లలు వినుచునే యుండిరి. ఆమె నా విస్తరిలో మరియొక గరిటెడు వేసి, "తెలుసు. తిను" అని పక్కవానియొద్దకు పోయెను.